మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలి? తెలుగు పేరు రాస్తే ఒత్తులు విడిపోతున్నాయి

కోటగుమ్మం
హన్మకొండలో ఐదుగురం ప్రతి ఆదివారం కూర్చుని డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్ ఆడుతున్నాం, రెండేళ్లయింది. నేనే డీఎం, అంటే కథ నడిపేవాణ్ని. కథంతా కాకతీయుల ఓరుగల్లు లాంటి కోటపట్నంలో నడుస్తుంది, పేర్లన్నీ తెలుగే. ఇన్నాళ్లూ గ్రాఫ్ షీట్ల మీద పెన్సిల్‌తో గీసి నెట్టుకొచ్చాను. ఇంకో మూడు వారాల్లో తూర్పు గుమ్మం మీద దాడి సెషన్ ఉంది, ఏడాదిగా అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు, అందుకని ఈసారి మంచి మ్యాప్ పెట్టాలని ఒక్కసారి డబ్బు కడితే చాలనే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాను. రెండు సాయంత్రాల్లో కొండలు, చెరువులు, అడవి అన్నీ ముచ్చటగా వచ్చాయి. తర్వాత పేర్లు రాయడం మొదలుపెట్టాను. "శ్రీ" అని రాస్తే ముందు శకు పొల్లు, దాని పక్కన ర, ఆ పక్కన గుడిదీర్ఘం, దేనికది విడిగా నిలబడింది. నాలుగు ఫాంట్లు మార్చి చూశాను, అంతే.

పైగా అందులో చెట్లంటే పైన్ చెట్లే, కోటంటే కోసుగా ఉండే పైకప్పు, దాని మీద జెండా. తాటిచెట్టు లేదు, గోపురం లేదు, చెరువుకి తూము లేదు.

తెలుగు సరిగ్గా రావాలి, మన కట్టడాలు పెట్టుకునే వీలుండాలి, ప్రింట్ తీసి బల్ల మీద పరుచుకోగలగాలి. ఇంకో మూడు వేలకు మించి పెట్టలేను. ల్యాప్‌టాప్ పాతది, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డ్ లేదు. తెలుగులో మ్యాపులు చేసినవాళ్లుంటే చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

ఇరవైముఖాలు
ముందు ఒకటి తేల్చండి. కావలసింది రాజ్యం మొత్తం చూపించే మ్యాపా, టోకెన్లు పెట్టి కొట్లాడుకునే మ్యాపా? మొదటిదానికి వండర్‌డ్రాఫ్ట్, ఇంకార్నేట్, ఆజ్‌గార్. రెండోదానికి డంజన్‌డ్రాఫ్ట్, డంజన్ స్క్రాల్. ఒకే సాఫ్ట్‌వేర్‌తో రెండు పనులూ చేద్దామనుకుంటే దేనికీ న్యాయం జరగదు.

డల్లాస్_రాత్రి
ఇంకార్నేట్‌లో రెండూ చేయొచ్చు బ్రో, ప్రపంచం మ్యాప్, ఊరి మ్యాప్, బ్యాటిల్ మ్యాప్ అన్నీ. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచిత వెర్షన్ ఉంది, పూర్తి బొమ్మలు కావాలంటే చందా. నేను ఇక్కడ శుక్రవారం రాత్రి కూర్చుంటే హైదరాబాద్ వాళ్లకి శనివారం పొద్దున, ఆరుగురం ఆన్‌లైన్లో ఆడతాం. ఫౌండ్రీ అని ఆన్‌లైన్లో ఆడుకునే బల్ల లాంటి సాఫ్ట్‌వేర్ ఒకసారి కొనేశాం, డీఎం ఒక్కడు కొంటే చాలు, మిగతావాళ్లు బ్రౌజర్‌లో చేరిపోతారు. మ్యాపులు మాత్రం డంజన్‌డ్రాఫ్ట్‌లోనే చేస్తాను. ఎందుకంటే అందులో యూనివర్సల్ వీటీటీ అనే ఫార్మాట్‌లో బయటికి తీస్తే బొమ్మతోపాటు గోడలెక్కడ, తలుపులెక్కడ, దీపాలెక్కడ అన్న లెక్క కూడా వెళ్తుంది. ఫౌండ్రీలో ఒక చిన్న మాడ్యూల్ పెట్టుకుంటే ఆ గోడల్ని అదే చదువుకుంటుంది. లేకపోతే ప్రతి గోడా మళ్లీ చేత్తో గీయాలి, ఒక పెద్ద భవనానికి నాకు గంటన్నర పట్టేది. గోడ వెనక ఉన్నవాడు గోడ దాటేదాకా కనిపించకపోతే ఆటగాళ్లు ఊపిరి బిగబట్టి ఆడతారు, ఆ మజా వేరు.

కోటగుమ్మం
మేం ఆన్‌లైన్లో ఆడం. ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాం, మధ్యలో మిర్చిబజ్జీల ప్లేటు. కాబట్టి గోడల లెక్క మాకు అక్కర్లేదు. ప్రింటే ముఖ్యం.

అక్షరాలపెట్టె
విజయవాడలో పదిహేనేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను, మా అబ్బాయి వల్ల ఈ ఆటలోకి వచ్చాను. మీ ఒత్తుల సంగతి ఫాంట్ తప్పు కాదు. ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ పోతే సరిపోతుంది. తెలుగులో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు కోడ్‌లు కలిసి ఒకే రూపం కావాలి, ఆ పేర్పు చేసే ఇంజన్ సాఫ్ట్‌వేర్ లోపల విడిగా ఉండాలి. గేమ్ ఇంజన్ల మీద కట్టిన మ్యాప్ ప్రోగ్రాముల్లో చాలావాటికి అది ఉండదు. ఉదాహరణకి గోడో ఇంజన్‌లో నాలుగో వెర్షన్ వచ్చేదాకా ఆ సౌకర్యం లేదు. అందుకే మీరు ఎన్ని ఫాంట్లు మార్చినా ఒకటే.

కొన్నదాన్ని పారేయకండి. కొండలూ చెరువులూ అందులోనే గీయండి, పేర్లు మాత్రం ఒక్కటీ రాయకుండా పీఎన్‌జీగా బయటికి తీయండి. ఆ బొమ్మని ఇంక్‌స్కేప్‌లో తెరిచి, దానికి తాళం వేసి, పైన ఇంకో లేయర్‌లో తెలుగు రాయండి. ఇంక్‌స్కేప్ ఉచితం, తెలుగు ఒత్తులు చక్కగా పేరుస్తుంది. జింప్ కూడా పేరుస్తుంది గానీ, అక్షరాల పని ఎక్కువగా ఉంటే ఇంక్‌స్కేపే హాయి. కొత్తగా ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ముందు ట్రయల్‌లో మూడు మాటలు కొట్టి చూడండి: శ్రీశైలం, కీర్తితోరణం, లక్ష్మి. లక్ష్మిలో క్ష కింద మ ఒత్తు కుదురుగా కూర్చుంటే ఇంక దేనికీ భయపడక్కర్లేదు.

ఫాంట్లకి గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, సూరన్న, మండలి, ధూర్జటి, పెద్దన అన్నీ ఉచితంగా దొరుకుతాయి. కోట పేరుకి రామభద్ర లాంటి లావు అక్షరం, చిన్న ఊళ్లకి మండలి. ఇంకొకటి, ఇంగ్లీషు మ్యాపుల్లో పర్వతాల పేర్లు అక్షరం అక్షరానికీ దూరం పెట్టి సాగదీస్తారు చూడండి, తెలుగుకి ఆ పని చేయకండి. ఒత్తు ఒకచోట, తలకట్టు ఇంకోచోట పడి చదవడానికే రాదు. పెద్ద అక్షరం వాడండి, సాగదీయొద్దు.

ఇరవైముఖాలు
ఇది నాకూ తెలీదు. మూడేళ్లుగా నా మ్యాపుల్లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తున్నాను, ఇంక తెలుగు రాదులే అనుకుని.

నల్లమల_కంటూరు
పైన ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా, రాజ్యం మ్యాప్‌కి ఊహించిన కొండలెందుకు, ఉన్న కొండలే వాడుకోండి. నేను సర్వేల పనిలో ఉంటాను, రోజూ క్యూజీఐఎస్ తెరుస్తాను, అది నిజమైన భూమి మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్, ఉచితం. ఎస్‌ఆర్‌టీఎం అని 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా ఉంది, సుమారు 30 మీటర్లకి ఒక చుక్క చొప్పున, ఎవరైనా దించుకోవచ్చు. నేను శ్రీశైలం చుట్టుపక్కల నల్లమల ముక్క తీసుకుని, హిల్‌షేడ్ (కొండల వెలుగునీడలు) పెట్టి, కంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) తీసి, నది ఒక్కటి ముదురు గీత చేశాను. కృష్ణ ఆ కొండల్ని కోసుకుంటూ మెలికలు తిరిగే తీరు ఏ సాఫ్ట్‌వేర్ బ్రష్‌తోనూ రాదు. మా ఆటగాడు ఒకడు ఆ మ్యాప్ చూసి "ఈ వంపు దగ్గర పడవ దాటించొచ్చు, ఇక్కడ లోయ లోతు తక్కువ" అని వేలు పెట్టి చూపించాడు. నేను ఆ సంగతి అనుకోనే లేదు, భూమే అనుకుంది. పేర్లు తెలుగులో రాస్తే అందులో కూడా సరిగ్గానే వస్తాయి.

ఇరవైముఖాలు
బాగానే ఉంది గానీ ఆయనకున్నది మూడు వారాలు. క్యూజీఐఎస్ తెరిస్తే ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) ఏది అని అడుగుతుంది, అక్కడే సగం మంది మూసేస్తారు. ఆజ్‌గార్ జనరేటర్ తెరిస్తే ఒక్క నొక్కుకి ఖండం, నదులు, రాజ్యాల సరిహద్దులు అన్నీ వచ్చేస్తాయి, ఉచితం, ఓపెన్ సోర్స్, బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి పేర్లు తెలుగులో మార్చుకున్నా బ్రౌజరే పేరుస్తుంది.

నల్లమల_కంటూరు
ప్రొజెక్షన్ సంగతి నిజమే, మొదటిసారి తికమకే. కానీ ఒక్క సాయంత్రం పని, ఎవరికైనా కావాలంటే మెట్టుమెట్టుగా రాసి పెడతా. ఆజ్‌గార్‌ని తక్కువ చేయను, నదులు ఎత్తు నుంచి పల్లానికే పారేలా లెక్క కట్టి గీస్తుంది, అది నాకు నచ్చుతుంది. చేత్తో గీసేవాళ్లు ఒక నదిని రెండుగా చీల్చి రెండు సముద్రాల్లో కలిపేస్తుంటారు.

చాక్‌పీసు_టీచర్
తొమ్మిదో తరగతి పిల్లలతో శనివారం శనివారం ఆడిస్తాను. మా దగ్గర కంప్యూటర్ లేదు, ఉన్నా నేను వాడను. ఒక మాట అడుగుతాను, మూడు వారాల ముందు ఏ సాఫ్ట్‌వేర్ అని వెతికే బదులు డైనింగ్ టేబుల్ మీద వేసే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ఒక మీటరు తెచ్చి, దాని కింద అంగుళం గడుల కాగితం పెట్టి, పైన బోర్డు మార్కర్‌తో గీస్తే ఏమవుతుంది? పిల్లలు ఏ గదిలోకి వెళ్తే ఆ గది అప్పటికప్పుడు గీస్తాను, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. మొదట్లో ఆడపిల్లలు నాకంటే బాగా గీసేవాళ్లు, ఎందుకంటే చుక్కల ముగ్గు వాళ్లకి చేతిలో ఉంది. పదిహేను చుక్కలు, పదిహేను వరసలు పెట్టి కోట గీసెయ్యమంటే ఐదు నిమిషాల్లో నాలుగు వైపులా ఒకేలా ఉండే కోట వచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్లో సిమెట్రీ టూల్ అంటారే, అది.

డల్లాస్_రాత్రి
టీచర్ గారూ, ఆ ముగ్గు కోట ఫోటో పెట్టండి. మా గ్రూపులో వాళ్లకి చూపించాలి.

పాతకాపు
క్యాంపెయిన్ కార్టోగ్రాఫర్ వాడతాను, చాలా ఏళ్లుగా. విండోస్‌లోనే నడుస్తుంది, లోపల అంతా క్యాడ్ పద్ధతి, ముందు కమాండ్ ఎంచుకుని తర్వాత వస్తువుని నొక్కాలి. నాకు చేయి తిరగడానికి మూడు నెలలు పట్టింది. మూడు వారాల్లో పని కావలసినవాళ్లకి చెప్పను. ఇళ్ల ప్లాన్లు గీసిన అలవాటున్నవాళ్లు మాత్రం ఒకసారి చూడండి, గోడ అంటే గీత, గీతకి కొలత, అంతా అడుగుల్లో ఉంటుంది.

కానీ నేను రాస్తున్నది అందుకు కాదు. కోటగుమ్మం గారూ, మీరు మొత్తం కోట బ్యాటిల్ మ్యాప్ చేద్దామనుకుంటే వద్దు. ఓరుగల్లు లోపలి రాతిగోడ వలయం అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. అంటే 3,900 అడుగుల పైనే. గడికి 5 అడుగుల లెక్కన 780 గడులు. గడి అంగుళం అయితే 65 అడుగుల ప్రింటు. రాతిగోడకి 45 బురుజులున్నాయంటారు, వలయం చుట్టుకొలతని పంచితే సగటున 84 మీటర్లకి ఒకటి, మీ గడుల్లో 55. ఒక బురుజు నుంచి పక్క బురుజుకి చేరేలోపే మీ సెషన్ అయిపోతుంది. గుమ్మం ఒక్కటే గీయండి.

ఇరవైముఖాలు
65 అడుగుల ఫ్లెక్సీ! మా ఊళ్లో సినిమా రిలీజుకి కూడా అంత కటౌట్ కట్టలేదు.

పాతకాపు
గుమ్మం గీసేటప్పుడు ఒక సంగతి. ఖిలా వరంగల్ వెళ్లినప్పుడు గుర్తుందో లేదో, దారి నేరుగా లోపలికి పోదు. బయటి వాకిలి దాటగానే గోడల మధ్య ఆవరణ, అక్కడ మలుపు తిరిగితే గానీ రెండో వాకిలి కనపడదు. ఏనుగుతో తలుపు గుద్దించేవాడికి పరుగు దొరకకూడదనే అలా కట్టారు. డీ అండ్ డీ 2014 రూల్స్‌లో ఏనుగు తొక్కుడు దాడికి కనీసం 20 అడుగులు సూటిగా రావాలి, అంటే 4 గడులు. మీ ఆవరణలో ఏ సూటి దారీ 3 గడులకి మించనివ్వకండి. ఏనుగు హ్యూజ్ సైజు, 3×3 గడులు ఆక్రమిస్తుంది. దారి 2 గడుల వెడల్పు పెడితే ఇరుక్కుంటూ రావాలి, అడుగుకి ఇంకో అడుగు ఖర్చు, దాని 40 అడుగుల వేగం సగానికి పడుతుంది, పైగా అది కొట్టే దెబ్బకి డిసడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం), దాన్ని కొట్టేవాళ్లకి అడ్వాంటేజ్ (ఎక్కువది తీసుకోవడం). ఇవన్నీ మ్యాప్ మీద గడులే చెప్పాలి. చెట్టు అందంగా ఉందా లేదా అన్నది తర్వాత.

కోటగుమ్మం
ఇది చదివి లేచి కూర్చున్నాను. నేను దారి 4 గడుల వెడల్పు, 10 గడుల పొడవు, తిన్నగా గీసి పెట్టుకున్నాను. వచ్చే ఆదివారం పొద్దున్నే కోటకి వెళ్లి ఆ మలుపు అడుగులతో కొలుచుకుని వస్తా.

గుమ్మం ఒక్కటే అయితే డంజన్ స్క్రాల్‌లో అయిపోతుందా? బ్రౌజర్‌లో కాసేపు చూశాను, నలుపు తెలుపు గీతలతో బాగుంది, ల్యాప్‌టాప్ కూడా వేడెక్కలేదు.

ఇరవైముఖాలు
హాయిగా అయిపోతుంది. ఉచిత వెర్షన్ చాలు. గోడల పక్కన ఆ అడ్డగీతల నీడ ఉంటుందే, అది ప్రింటులో చాలా బాగా వస్తుంది, రంగుల మ్యాప్ కంటే గడులు స్పష్టంగా కనపడతాయి.

యంత్రబొమ్మ
ఇంత కష్టమెందుకు, ఏఐకి కాకతీయుల కోట గుమ్మం పైనుంచి చూసినట్టు గ్రిడ్‌తో ఇవ్వమంటే నిమిషంలో ఇస్తుంది కదా.

ఇరవైముఖాలు
ఇస్తుంది. నేను ఐదుసార్లు అడిగాను. గడులు ఒక మూల అంగుళం, ఇంకో మూల ముప్పావు. మెట్లు గోడలోకి వెళ్లి ఆగిపోయాయి. పాతకాపు గారు చెప్పిన మలుపు దానికి ఎలా చెప్తారు?

యంత్రబొమ్మ
నేల మీద రాతి టెక్స్చర్ లాంటి వాటికి వాడుకోవచ్చు అంటున్నా. గోడలు మీరే గీసుకోండి.

ఇరవైముఖాలు
అంతవరకైతే సరే.

అక్షరాలపెట్టె
ప్రింటు సంగతి నేను చెప్తాను, ఇది నా పని. ఏ4 కాగితం 8.27 అంగుళాల వెడల్పు, 11.69 పొడవు. చుట్టూ అర అంగుళం వదిలితే 7×10 గడులు పడతాయి. 36×24 గడుల మ్యాప్‌కి 16 కాగితాలు అతికించాలి, నా అనుభవంలో ఎనిమిదో కాగితం దగ్గర గీతలు కలవడం మానేస్తాయి. ఫ్లెక్సీ కొట్టించండి. షాపుల్లో చదరపు అడుగుల లెక్కన తీసుకుంటారు, 30×20 గడులు గీసినా మూడడుగులు రెండడుగుల డబ్బే కడతారు, అందుకే 36×24 గీయమంటున్నాను. అంగుళానికి 100 పిక్సెళ్లు చాలు, ఫైలు 3600×2400. మీ 8 జీబీ ల్యాప్‌టాప్‌కి అది లెక్కే కాదు. మామూలు ఫ్లెక్సీ ట్యూబ్‌లైట్ కింద మెరుస్తుంది, మెరుపు లేని మెటీరియల్ ఉందా అని అడగండి.

షాపు వాళ్ల కంప్యూటర్లో కోరల్‌డ్రా, అను ఫాంట్లు ఉంటాయి, మీ యూనికోడ్ ఫాంట్ ఉండదు. అక్కడ ఫైలు తెరవగానే మీరు పడ్డ కష్టమంతా మళ్లీ డబ్బాలైపోతుంది. అందుకే ఇంక్‌స్కేప్‌లో అక్షరాలన్నీ ఎంచుకుని పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టండి, మా భాషలో కర్వ్స్ చేయడం అంటారు. ఇంక అవి అక్షరాలు కావు, బొమ్మలు, ఎక్కడ తెరిచినా చెదరవు. అక్షరాలున్న కాపీ విడిగా దాచుకోండి, కర్వ్స్ అయ్యాక అక్షరదోషం దిద్దలేరు. చివరగా మ్యాప్ అంచున సరిగ్గా 12 అంగుళాల గీత ఒకటి గీసి, షాపులోనే స్కేలు పెట్టి కొలవండి.

కోటగుమ్మం
గోపురాలు, తాటిచెట్లు ఎక్కడ తేవాలి?

డల్లాస్_రాత్రి
మీరే గీయండి. క్రిటా ఉచితం, వెనక ఖాళీగా ఉండేలా పీఎన్‌జీ తీసుకుంటే చాలా సాఫ్ట్‌వేర్లలో మీ సొంత బొమ్మగా చేర్చుకోవచ్చు. కాకపోతే రాజ్యం మ్యాప్‌లో బొమ్మలు పక్కనుంచి చూసినట్టు ఉంటాయి, బ్యాటిల్ మ్యాప్‌లో నడినెత్తి నుంచి. తాటిచెట్టు పైనుంచి చూస్తే విసనకర్రలు గుండ్రంగా పేర్చినట్టు, గోపురం చూస్తే ఒకదాంట్లో ఒకటి పెట్టిన దీర్ఘచతురస్రాలు. నేను మా అమ్మమ్మ వాళ్ల ఊరి డాబా మీద నుంచి తీసిన ఫోటో పెట్టుకుని కొబ్బరిచెట్టు గీశాను. వేరేవాళ్ల బొమ్మల ప్యాక్ తెచ్చుకుంటే లైసెన్స్ చదవండి, ఇంట్లో ఆడుకోవడానికి ఒప్పుకున్నవాళ్లు అమ్ముకోవడానికి ఒప్పుకోకపోవచ్చు.

చాక్‌పీసు_టీచర్
ముగ్గు కోట ఫోటో పెట్టాను, చూడండి. మధ్యలో ఎర్రగా ఉన్నది డ్రాగన్ కాదు, కుంకుమ.

కోటగుమ్మం
నిన్న ఆడాం. నాలుగున్నర గంటలు.

గుమ్మం డంజన్ స్క్రాల్‌లో గీసి, పేర్లు ఇంక్‌స్కేప్‌లో సూరన్న ఫాంట్‌తో రాసి, కర్వ్స్ చేసి ఫ్లెక్సీ కొట్టించాను. ఒక్క తప్పు చేశాను, అక్షరాలపెట్టె గారు చెప్పిన గీత గీశాను గానీ షాపులో కొలవలేదు. ఇంటికొచ్చి స్కేలు పెడితే పదిన్నర అంగుళాలు. చుట్టూ మడతకి అంగుళంన్నర వదలడానికి మ్యాప్‌ని కుదించేశారట, అలా చేస్తారని నాకు తెలీదు. గడి అంగుళానికి ఎనిమిదో వంతు తగ్గింది, 25 మిల్లీమీటర్ల మినియేచర్లు (పాత్రల చిన్న బొమ్మలు) పక్కపక్కన నిలబడటం లేదు. మళ్లీ కొట్టించడానికి టైం లేక, శత్రు సైన్యానికి చింతపిక్కలు పెట్టి, మినియేచర్లు మా నలుగురి పాత్రలకే ఉంచాను. పిక్కలు గడిలో సరిగ్గా పట్టాయి. ఈసారి ఫైల్లోనే చుట్టూ తెల్ల అంచు కలిపి 39×27 అంగుళాలు ఇస్తాను.

పేర్లు మాత్రం ఒక్క ఒత్తు కూడా చెదరలేదు. ఫ్లెక్సీ విప్పగానే మా వాళ్లలో ఒకడు "తూర్పు కీర్తితోరణం" అని పైకి చదివాడు. రెండేళ్లలో మ్యాప్ మీద పేరు ఎవరైనా పైకి చదవడం అదే మొదటిసారి.

పాతకాపు
ఏనుగు ఏమైంది?

కోటగుమ్మం
మలుపు దగ్గర ఇరుక్కుంది. మొదటి రౌండులో నాలుగు గడులు లాక్కుంటూ వచ్చింది, రెండో రౌండులో తిరగబోతే మా దొంగ బురుజు మీద నుంచి మావటివాడి మీదకి దూకింది. డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 19. ఇప్పుడు ఏనుగు వాళ్లదే, దానికి పేరు పెట్టేశారు, వచ్చే ఆదివారానికి ఏనుగుశాల మ్యాప్ కావాలట. గడులెన్ని పెట్టమంటారు?

పాతకాపు
ఒక్క ఏనుగుకేనా, ఇంకా తెస్తారా?

కోటగుమ్మం
తెస్తామంటున్నారు.

పాతకాపు
అయితే ఒక్కోదానికి 4×4, మధ్య దారి 3 గడులు. తలుపు కూడా 3 పెట్టండి, ఇది మీ వాళ్ల ఏనుగు.